ఎన్నాళ్ల నుంచి నడుస్తాంది? – ఒక సర్వర్ మరమ్మతుదారు మొదటి ప్రశ్న

కంప్యూటర్లు బాగుచేసే ఉద్యోగంలో నా జీవితం చాలావరకు బస్సుల్లో గడిచింది. మిగిలినది చాయ్ వస్తుందని ఎదురుచూడటంలో గడిచింది. ఈ రెంటికీ మధ్య దొరికిన సమయంలో కొన్ని యంత్రాలు బాగుపడ్డాయి. అందులో నా వాటా ఎంతో నాకూ సరిగ్గా తెలియదు.

ఎనభైల చివర్లో హైదరాబాదులోని ఒక చిన్న కంపెనీలో చేరాను. కంప్యూటర్లు అమ్మడం, వాటికి కావలసిన ప్రోగ్రాములు రాసివ్వడం, అవి ఆగిపోతే వెళ్లి లేపడం మా పని. అమ్మేవాళ్లు కార్లలో వెళ్లేవారు. రాసేవాళ్లు చల్లటి గదిలో కూర్చునేవారు. లేపేవాణ్ణి నేను. “నల్గొండ, మహబూబ్‌నగర్ రెండు జిల్లాలూ నీవే” అన్నారు. రాజ్యం రాసిచ్చినట్టే ఉంది వినడానికి. చేతికిచ్చింది మాత్రం ఒక స్క్రూడ్రైవర్ల సంచి.

ప్రమోషన్ల గురించి రాయను. వచ్చినవి తక్కువ, వాటివల్ల నేర్చుకున్నది ఇంకా తక్కువ. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు పనికొచ్చేది నా దగ్గర ఒక్క ప్రశ్నే ఉంది: ఈ సర్వర్ ఎన్నాళ్ల నుంచి ఆగకుండా నడుస్తోంది? దీనికి జవాబు కనుక్కోవడం చాలా తేలిక. ఆ జవాబుకు అర్థం కనుక్కోవడం కొంచెం కష్టం. మహబూబ్‌నగర్‌లో శెహనాజ్ బేగం అనే అమ్మాయి ఉద్యోగం ఒకసారి ఈ ప్రశ్నకు వేలాడింది. ఆ సంగతి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. దారిలో మరో ఇద్దరు ముగ్గురు తగులుతారు. బస్సు ప్రయాణం అన్నాక తప్పదు.

బందే చెయ్యలే సార్

డాక్టరు దగ్గరికి వచ్చిన మనిషి నిన్న ఏం తిన్నాడో నిజం చెప్పడు. మా దగ్గరికి వచ్చిన ఆఫీసు, యంత్రాన్ని ఆర్పిందో లేదో నిజం చెప్పదు. అబద్ధం చెప్పాలని కాదు. అడిగేవాడు తప్పు పట్టడానికే వచ్చాడని భయం.

“ఎప్పుడన్న ఆర్పిన్రా?” అంటే, “లే సార్. అసలు బందే చెయ్యలే” అనేవారు. నేను ఎక్కడికి వెళ్లినా ఇదే జవాబు. వాళ్ల మాట ప్రకారం మా రెండు జిల్లాల్లో ఏ యంత్రమూ పుట్టాక కన్ను మూసి ఎరగదు. కరెంటు మాత్రం రోజుకు మూడుసార్లు పోయేది.

మా పెద్దాయన చారి సార్. హైదరాబాదు ఆఫీసులో నా పైవాడు. మొదటి వారంలోనే నన్ను కూర్చోబెట్టి చెప్పాడు: “మనుషుల్ని అడుగు, మర్యాదగా విను. కానీ నమ్మేముందు యంత్రాన్ని అడుగు. అది ఎప్పుడు లేచిందో తెలియకుండా ఎందుకు పడుకుందో చెప్పకు.”

అడిగే పద్ధతులు ఆయన నేర్పినవే చెప్తాను. మా సర్వర్లు, అంటే ఆఫీసులోని తెరలన్నిటికీ పని చేసిపెట్టే పెద్ద డబ్బాలు, యూనిక్స్ అనే వ్యవస్థ మీద నడిచేవి. అప్‌టైమ్ అని కొడితే ఎన్ని రోజుల నుంచి నడుస్తోందో ఒక్క వరుసలో చెప్పేది. హూ అని కొట్టి పక్కన గీతా, బీ అనే అక్షరం చేరిస్తే చివరిసారి ఏ తేదీన, ఏ వేళ లేచిందో చెప్పేది. ఇంకో దారి, పీఎస్ అని అడిగి నడుస్తున్న పనులన్నీ చూడటం. అందులో ఒకటో నంబరు పని సర్వర్‌తో పాటే పుడుతుంది, దాని వయసే సర్వర్ వయసు. ఇవన్నీ ఇప్పటి కథ చెప్పేవి. అంతకు ముందు ఎన్నిసార్లు పడి లేచిందో కావాలంటే లాస్ట్ రీబూట్ అని అడగాలి. అది పాత కథ మొత్తం విప్పుతుంది, కొంచెం చాడీలు చెప్పే బంధువులా.

ఇవేవీ కొట్టక ముందు చారి సార్ ఇంకొకటి చేసేవాడు. డబ్బా వెనక అరచేయి పెట్టి చూసేవాడు. “బందే చెయ్యలే సార్” అన్న యంత్రం వెనక చల్లగా ఉంటే ఏమీ అనేవాడు కాదు. చెయ్యి రుమాలుతో తుడుచుకుని “చాయ్ చెప్పండి” అనేవాడు. ఎదుటివాడు చాయ్ వచ్చేలోపు నిజం చెప్పేసేవాడు. నేను కూడా ప్రయత్నించాను. నాకు చాయ్ మాత్రమే వచ్చేది.

కొనకముందు నుంచి నడిచిన యంత్రం

రామన్నపేట దగ్గర ఒక పత్తి మిల్లు ఉండేది. యజమాని ఖాదర్ సాబ్. ఎవరు వచ్చినా ముందు కుర్చీ, తర్వాత నీళ్లు, ఆ తర్వాతే పని. ఒకరోజు ఆయనే ఫోన్ చేసి రమ్మన్నాడు. నేను వెళ్లి అప్‌టైమ్ కొట్టాను. ఇరవై ఏళ్లకు పైగా ఆగకుండా నడుస్తున్నట్టు చూపించింది. మేము దాన్ని అమ్మి రెండేళ్లు కాలేదు.

ఖాదర్ సాబ్ నా భుజం మీదుగా చూసి, “ఏమంటాంది?” అన్నాడు.

“ఇరవై ఏండ్ల సంది నడుస్తున్న అంటాంది.”

“వాహ్! మాల్ అంటే గిట్లుండాలె. కొనకముందు నుంచే నడుస్తాంది!” అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, “గా ఇరవై ఏండ్లకు గూడ కరెంటు బిల్లు నేనే కట్టాల్నా?” అన్నాడు.

సంగతి చిన్నదే. లోపల గడియారం నడిపే చిన్న బ్యాటరీ చచ్చిపోయింది. కరెంటు పోయి వచ్చేసరికి గడియారం యూనిక్స్ లెక్కలో మొదటి రోజుకు, అంటే పంతొమ్మిది వందల డెబ్బైకి, వెళ్లిపోయింది. యంత్రం అప్పుడే లేచానని రాసుకుంది. తర్వాత గుమాస్తా తేదీ సరిచేశాడు. యంత్రం తీసివేత చేసి జవాబు చెప్పింది. లెక్క సరైనదే, జవాబు తప్పు. ఇలాంటివాళ్లను తర్వాత కంపెనీ మీటింగుల్లో చాలామందిని చూశాను.

అప్పటి నుంచి ఒక్క సాక్షి మాట మీద తీర్పు చెప్పడం మానేశాను. ఖాదర్ సాబ్‌కు నేను బ్యాటరీ ఒకటి ఇచ్చి వచ్చాను. ఆయన నాకు భోజనం పెట్టి పంపాడు. లాభం నాకే.

మహబూబ్‌నగర్ ఫిర్యాదు

తొంభైల నడుమ మా దగ్గర సర్వర్లు కొన్నవాళ్లలో ఒక విత్తనాల కంపెనీ ఉండేది. ఆముదం, పత్తి విత్తనాలు అమ్మేది. నార్కట్‌పల్లిలో ఒక ఆఫీసు, మహబూబ్‌నగర్‌లో ఒకటి. రెండు చోట్లా ఒకే రకం సర్వర్, కరెంటు పోయినా దాన్ని నిలబెట్టే బ్యాటరీలు, ఒకే బిల్లుల ప్రోగ్రాం. ప్రోగ్రాం రాసింది మా వాళ్లే. చేతిరాత బిల్లు చెల్లదని వాళ్ల హెడ్డాఫీసు గట్టిగా చెప్పింది. అంటే సర్వర్ ఆగితే విత్తనం కదలదు.

నార్కట్‌పల్లి నుంచి ఎప్పుడూ ఫిర్యాదు లేదు. మహబూబ్‌నగర్ సర్వర్ మాత్రం ఉన్నట్టుండి బిగుసుకుపోయేది. తెరల మీద అక్షరం కదిలేది కాదు. అక్కడ బిల్లులు కొట్టే అమ్మాయి శెహనాజ్. తండ్రి పోయాక ఇల్లు ఆమె జీతం మీద నడిచేది. తల్లి బట్టలు కుట్టేది, ఇద్దరు చెల్లెళ్లు చదువుతున్నారు. శెహనాజ్ ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు.

మేనేజర్ నర్సింగరావు గారు. చెడ్డవాడు కాదు. ఇస్త్రీ చొక్కా లాంటి మనిషి, మడత పడితే సహించడు. తన సర్వర్ ఎన్ని రోజులుగా ఆగకుండా నడుస్తోందో వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. కొత్తగా పెళ్లయినవాళ్లు ఫోటోలు చూపించినట్టు.

సర్వర్ బిగుసుకుపోయిన ప్రతిసారీ బయట రైతులు, లోపల నర్సింగరావు గారు, ఇద్దరూ శెహనాజ్ మీదే అరిచేవారు. ఆమె చేసేది లేక పెద్ద స్విచ్ ఆర్పి మళ్లీ వేసేది. అది లేచేది. నేను ఉండే నల్గొండ నుంచి దేవరకొండ మీదుగా బస్సులు మారి మర్నాడు చేరేసరికి అంతా బాగానే ఉండేది. అప్‌టైమ్ కొడితే ఒక్క రోజు వయసు చూపించేది.

“చూడు,” అనేవాడు నర్సింగరావు గారు. “మిషినే చెప్తాంది. నిన్న ఎవలో ఆర్పిన్రు. ఎవలు? గీమెనే. ఈమె చెయ్యి పెట్టినంకనే బంద్ పడ్తాంది.”

“బంద్ పడ్డంక చెయ్యి పెట్టింది గద సార్,” అన్నాను.

“నువ్వు చూసినవా?”

చూడలేదు. అదే చిక్కు. తుమ్మి ముక్కు తుడుచుకున్నవాణ్ణి, తుడుచుకున్నందుకే తుమ్ము వచ్చిందని పట్టుకుంటే ఏం చెప్తాం? యంత్రం చెప్పింది నిజమే. ఆ నిజం ఆ అమ్మాయికి వ్యతిరేకంగా ఉంది.

నర్సింగరావు గారు నా ముందే ఆమెకు చెప్పాడు: “ఇంకొక్కసారి బంద్ పడ్డదంటే నువ్వు రేపటి సంది రావద్దు.”

ఆయన బయటికి వెళ్లాక శెహనాజ్ నన్ను అడిగింది. “సార్, నిజం చెప్పుండ్రి. నేనేమన్న తప్పు మీట నొక్కుతున్ననా?”

“ఏం నొక్కుతవో చూపెట్టు.”

చూపెట్టింది. నేనైతే చేసే తప్పుల్లో సగం కూడా ఆమె చేయడం లేదు.

పాత కథ తీశాను. ఎప్పుడెప్పుడు పడి లేచిందో చూస్తే ఒక సంగతి కనబడింది. బిల్లులు తక్కువగా ఉండే కాలంలో నెలల తరబడి నడిచి బిగుసుకుంది. విత్తనాల కాలంలో ఇంకా త్వరగా బిగుసుకుంది. అంటే ఏదో కొంచెం కొంచెంగా నిండుతోంది. ఏమిటో తెలియదు. చూద్దామంటే నేను వచ్చేసరికి ఖాళీ అయిపోతోంది.

అమాస సెలవు

అదే ప్రోగ్రాం నార్కట్‌పల్లిలో ఎందుకు ఆగడం లేదో చూద్దామని అక్కడ దిగాను. మేనేజర్ యాదగిరిరెడ్డి గారు. కట్టంగూర్ వైపు వ్యవసాయం ఉన్న మనిషి. ఉద్యోగం చేస్తూనే సేద్యం మానలేదు. ఆఫీసుకు వచ్చేటప్పుడు చెప్పుల మీద మట్టి అలాగే ఉండేది.

అప్‌టైమ్ కొట్టాను. వయసు నెల లోపే. పాత కథ తీశాను. ప్రతి నెలా ఒకసారి ఒక రోజంతా ఆరిపోయి ఉంది. ఏ నెలా తప్పలేదు. కరెంటు కోత ఇంత క్రమశిక్షణగా ఉండదు.

“రెడ్డిగారూ, దీన్ని నెలకోసారి ఆర్పుతున్నరా?”

ఆయన అటూ ఇటూ చూశాడు. “ఎవలు చెప్పిన్రు?”

“ఇదే చెప్పింది.”

“దీన్కి గంత అన్నం పెట్టిన గద, నా మీదనే చెప్పిందా?” అన్నాడు సర్వర్ వైపు చూసి. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. “ఇంజినీర్ సాబ్, అమాస నాడు మనం ఎడ్లను కడతమా?”

“కట్టం.”

“నాగలి పడతమా?”

“పట్టం.”

“మరి గీ మిషిన్ ఏం పాపం చేసింది? నెలంత పని చేస్తది. ఒక్క దినం నడుం వాల్చనీ అని బంద్ పెడతాన. గా దినం రైతులు గూడ విత్తనాలు కొనరు. ఎవలకు నష్టం?”

కంపెనీ పుస్తకంలో దీనికి జవాబు లేదు. ఏ నష్టమూ లేదని చెప్పాను. ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. హెడ్డాఫీసుకు చెప్పొద్దని కూడా అడిగాడు. “నవ్వుతరు,” అన్నాడు.

నేను నవ్వలేదు. బస్సెక్కాక నవ్వాను. నల్గొండ చేరేలోపు నవ్వు ఆగిపోయింది. రెండు సర్వర్లూ ఒకటే. ప్రోగ్రాం ఒకటే. ఒకటి అమాస అమాసకూ పడుకుని లేస్తోంది, దానికి ఏ రోగమూ లేదు. ఇంకొకటి రాత్రింబవళ్లు నడిచి గొప్ప పేరు తెచ్చుకుని, చివరికి బిగుసుకుపోతోంది. రెడ్డిగారు చెప్పిన కారణానికీ యంత్రానికీ సంబంధం లేదు. కానీ ఆయన సెలవు ఇవ్వకపోతే మా ప్రోగ్రాం తప్పు అక్కడ కూడా బయటపడేది. ఆయన ఎడ్ల మీద దయతో మమ్మల్ని కాపాడుతూ వచ్చాడు. మేమేమో ఆ ఆఫీసులో మా ప్రోగ్రాం ఎంత బాగా నడుస్తోందో కొత్తవాళ్లకు చెప్పి అమ్ముకుంటున్నాం.

పిల్లలకు ఒక మాట. చాలా రోజులు ఆగకుండా నడవడం సర్వర్‌కు గొప్పే. కానీ అది ఆరోగ్యానికి గుర్తు కాదు. కొన్నిసార్లు రోగం ముదరడానికి దొరికిన సమయం మాత్రమే.

ఆర్పొద్దు

ఊహ ఉంది, రుజువు లేదు. రుజువు కావాలంటే సర్వర్ బిగుసుకుంటున్నప్పుడు, ఎవరూ ఆర్పకముందు, నేను దాని ముందు ఉండాలి. అంటే శెహనాజ్ సాయం కావాలి. మహబూబ్‌నగర్ వెళ్లి ఆమెకు చెప్పాను.

“ఈసారి మెల్లగ అవుతాంది అనంగనే నాకు ఫోన్ చెయ్యి. ఆర్పకు. ఎవలు మొత్తుకున్నా, ఎవలు ఒర్లినా ఆర్పకు.”

“ఒర్లేది ఎవలో మీకు తెలుసు గద సార్.”

“తెలుసు.”

“ఆర్పకపోతే గా దినం బిల్లులు ఆగుతయి. బిల్లులు ఆగితే నా నౌకరీ పోతది. ఆర్పితే గూడ పోతది.” స్విచ్ బోర్డు వైపు ఒకసారి చూసింది. “పోయేదే అయితే, ఎందుకు పోయిందో తెలిసి పోనీ సార్. ఫోన్ చేస్త.”

ఆమెకు ధైర్యం చెప్దామని చూశాను. నా సంచిలో ఆ సామాను లేదు.

మృగశిర కార్తె వచ్చింది. ఆ ఏడు మొదటి వాన మంచిగా పడింది. నేలలో పదును, అంటే మొలకకు సరిపడే తడి, ఉండగానే విత్తనం వేయాలి. రెండు జిల్లాల్లోనూ రైతులు ఒక్కసారే కదిలారు. ఒకరోజు సాయంత్రం నల్గొండలో నేను ఉండే గది కింద దుకాణానికి ఫోన్ వచ్చింది.

“సార్, మిషిన్ ఆయాసపడ్తాంది. ఒక్కొక్క బిల్లుకు మస్తు సేపు తీసుకుంటాంది.”

“ఆర్పినవా?”

“ఆర్పలే. ఆఫీసు బంద్ చేసే టైమ్ అయింది. రేప్పొద్దున మొదటి బిల్లులకే పండుకుంటది అనిపిస్తాంది. జల్ది రాండ్రి.”

మర్నాడు మొదటి బస్సు పట్టుకున్నాను. చేరేసరికి ఆఫీసు ముందు రోడ్డు దాకా మనుషులు. ఎడ్లబండ్లు, సైకిళ్లు, ఒక ట్రాక్టరు. తలకు రుమాలు చుట్టుకున్న ఒక పెద్దాయన నా సంచి చూసి, “నువ్వేనా డబ్బా డాక్టర్‌వు? జర సూది మందు గట్టిగ ఇయ్యి. గీ పదును మా అల్లుని లెక్క, ఎక్కువ దినాలు ఉండది” అన్నాడు.

“మా అల్లుడైతే పోనే పోడు,” అన్నాడు వెనకాయన.

లోపల శెహనాజ్ స్విచ్ బోర్డుకు వీపు ఆనించి నిలబడి ఉంది. రెండు చేతులూ వెనక్కి. ఎదురుగా నర్సింగరావు గారు.

“జరుగు అంటే జరుగది! ఇంజినీర్ సాబ్ చెప్పిండంట! జీతం ఆయన ఇస్తడా?” నన్ను చూశాడు. “ఆ, వచ్చినవా? అడుగుతున్న, జీతం నువ్విస్తవా?”

“నా జీతమే సరిగ్గ రాదు సార్. ఒక్క చాయ్ తాగేంత టైమ్ ఇయ్యిండ్రి.”

“చాయ్ లేదు, ఏం లేదు.”

ఆయన మాట అన్నాడు కానీ అడ్డం రాలేదు. ఎంత కోపం వచ్చినా పని చేసేవాణ్ణి ఆపకపోవడం కూడా ఒక గుణమే. అది లేని పెద్దవాళ్ల కింద కూడా పనిచేశాను కనుక చెప్తున్నాను.

బిల్లులు కొట్టే తెర ముందు కూర్చుని అప్‌టైమ్ కొట్టాను. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక్క వరుస వచ్చింది: ఇంకొక పనికి జాగా లేదు.

కొత్తవాళ్లకు ఇది అర్థం కావాలి. ఎన్నాళ్ల నుంచి నడుస్తున్నావని అడగడం కూడా యంత్రానికి ఒక పనే. ఆ పని చేయడానికి ఒక సీటు కావాలి. సర్వర్‌లో సీట్లు లెక్కకు ఇన్నే ఉంటాయి. అన్నీ నిండితే ప్రశ్నకు కూడా చోటుండదు. బస్సు ఎంత నిండినా కండక్టరు సీటు ఒకటి మిగిలి ఉన్నట్టు, యూనిక్స్ కూడా చివరి సీటు ఒకటి యజమాని కోసం, అంటే యంత్రం మీద పూర్తి అధికారం ఉన్న పేరు కోసం, అట్టే పెడుతుంది. లోపలి గదిలో సర్వర్‌కు అతుక్కుని ఉన్న తెర మీద పొద్దున్నే నర్సింగరావు గారు యజమాని పేరుతో లోపలికి వెళ్లి ఉన్నాడు, రోజుల లెక్క చూసుకోవడానికి. ఆయన గొప్ప ఆ రోజు మాకు పనికొచ్చింది.

“సార్, మీరు గూడ వచ్చి చూడుండ్రి” అని ఆయన్ను లోపలికి పిలిచాను. శెహనాజ్ కూడా వచ్చింది. అప్‌టైమ్ కొట్టాను. నెలన్నర దాటింది.

“చూసిన్రా సార్? నెలన్నర సంది ఎవలు ఆర్పలే. ఆర్పకుండనే ఆగింది.”

నడుస్తున్న పనుల పట్టీ అడిగాను. తెర నిండా వరుసలు పైకి ఎగబాకడం మొదలైంది. ఆగలేదు. అన్నీ ఒకే రకం. చచ్చిపోయినవని యంత్రమే ఒక్కొక్కదాని పక్కన రాసింది.

“ఏందివి?” అన్నాడు నర్సింగరావు గారు.

“ఒక్క బిల్లు ప్రింటరుకు పోతే ఒక్క పని పుడ్తది సార్. బిల్లు అచ్చు అయినంక గా పని చచ్చిపోతది. కని పంపిన ప్రోగ్రాం ‘సరే, నీ పని అయింది’ అని దాని పేరు కొట్టెయ్యాలె. కొట్టేస్తలేదు. చచ్చినోళ్లందరు సీట్ల మీదనే కూసున్నరు. బతికినోళ్లకు జాగ లేదు.”

“గీ ప్రోగ్రాం రాసింది ఎవలు?”

“మేమే సార్.”

శెహనాజ్ తెర వైపే చూస్తోంది. నర్సింగరావు గారు నా వైపు తిరిగాడు.

“మరి నార్కట్‌పల్లిల గూడ గిదే ప్రోగ్రాం గద? ఆడ ఎందుకు ఆగుతలేదు?”

ఈ ప్రశ్న రాకూడదని బస్సులో దేవుణ్ణి కోరుకున్నాను. “ఆడ నెలకొక దినం సెలవిస్తరు సార్, మిషిన్‌కు.”

“సెలవా? ఎందుకు?”

చెప్పాల్సి వచ్చింది. “అమాసని.”

నర్సింగరావు గారు నా ముఖం వైపు చూశాడు. నేను పరాచికం ఆడుతున్నానో లేదో తేల్చుకోలేకపోయాడు. నేనే అయినా తేల్చుకోలేను. రెడ్డిగారికి ఇచ్చిన మాట అలా తప్పింది. ఆయన తర్వాత క్షమించాడు, ఒక సంచెడు కందులు కూడా ఇచ్చాడు.

ఆర్పే అవసరం రాలేదు. చచ్చినవాటిని పట్టుకుని కూర్చున్న ఆ ఒక్క ప్రోగ్రాంను ఆపాను. అది పోగానే, దాని వెనకున్న వరుసలన్నీ ఒక్కసారిగా తుడిచిపెట్టుకుపోయాయి. ప్రోగ్రాం మళ్లీ మొదలుపెట్టాను. శెహనాజ్ పరుగున వెళ్లి బల్ల దగ్గర కూర్చుంది. ప్రింటరు కరకరమంది. బయట ఎవరో “లేసింది, లేసింది!” అని అరిచారు. నర్సింగరావు గారు అప్‌టైమ్ తానే కొట్టుకుని చూసుకున్నాడు. నెలన్నర అలాగే ఉంది.

“ఆర్పకుండనే?” అన్నాడు.

“ఆర్పకుండనే సార్.”

చారి సార్ ఫోన్

ఆ ఆఫీసు ఫోన్ నుంచే హైదరాబాదుకు చేశాను. నర్సింగరావు గారు పక్కనే కూర్చున్నాడు. లేచి పోతాడేమోనని చూశాను, పోలేదు.

చారి సార్ అంతా విని, “తప్పు ఎవరిది?” అన్నాడు.

“మనదే సార్.”

“ఆ మాట మేనేజర్‌కు నువ్వు చెప్పావా, నేను చెప్పాలా?”

“చెప్పేసిన సార్.”

“మంచి పని చేశావు. ప్రోగ్రాం సరిచేయిస్తాను. అందాకా నెలకోసారి ఆపి మొదలుపెట్టమను. ఇప్పుడు ఆయనకు ఫోన్ ఇవ్వు.”

ఇచ్చాను. అవతల ఏం చెప్పాడో నాకు మొత్తం వినబడలేదు. ఇవతలి నుంచి “అవునండి… లేదు, లేదు, ఆ అమ్మాయి తప్పేం లేదు… నేను చూసిన…” అని మాత్రం వినబడింది. నర్సింగరావు గారి నోట ఆ మాట రప్పించడానికి చారి సార్ ఎన్ని మెట్లు దిగి మాట్లాడాడో ఊహించుకున్నాను. మా ప్రోగ్రాం రాసినవాళ్లు ఆ వారం నాతో మాట్లాడలేదు. అమ్మేవాళ్లు ఇంకొన్ని వారాలు మాట్లాడలేదు. చారి సార్ మాత్రం నన్ను చూడగానే “చాయ్ తాగావా?” అన్నాడు.

ఈ ఉద్యోగం నాకు పెద్దగా డబ్బివ్వలేదు. ఇలాంటి పెద్దవాణ్ణి ఇచ్చింది. తప్పు మనదైతే ముందు మనమే చెప్పాలని ఆయన ఎప్పుడూ ఉపదేశం చేయలేదు. ఫోన్ ఇవ్వు అన్నాడు, అంతే. పిల్లలూ, మీ పైవాడు అలాంటివాడైతే జీతం కొంచెం తక్కువైనా సర్దుకోండి. కాకపోతే అప్‌టైమ్ కొట్టడం నేర్చుకున్నారు కనుక ఎక్కడైనా బతుకుతారు.

ఆ రోజు బిల్లులు పొద్దు వాలేదాకా నడిచాయి. తలరుమాలు పెద్దాయన తన విత్తనం సంచి భుజానికెత్తుకుని, “డాక్టర్‌కు నూరేండ్లు” అని దీవించి పోయాడు. చివరి బండి కదిలాక శెహనాజ్ తెర ఆపి, బల్ల సర్ది, చున్నీ సవరించుకుని తలుపు దగ్గర ఆగింది. పొద్దున్నుంచి ఆమెకు ఎవరూ ఏమీ చెప్పలేదు. మర్నాడు రావాలో వద్దో కూడా.

నర్సింగరావు గారు కాగితాల్లోంచి తలెత్తకుండానే పిలిచాడు.

“శెహనాజ్.”

“సార్?”

“రేపు జర జల్ది రా. ఇంక మస్తుమంది వస్తరు.”

ఆమె అక్కడే నిలబడింది. తర్వాత అంది: “ఆఫీసు తాళంచెవి మీ తాననే ఉంటది గద సార్. నేను జల్ది వచ్చి బయట కూసోవాల్నా?”

ఆయన జేబులోంచి తాళంచెవి తీశాడు. కాసేపు చేతిలోనే పట్టుకున్నాడు. తర్వాత బల్ల మీద, ఆమె వైపుగా పెట్టాడు.

శెహనాజ్ వచ్చి తీసుకుంది.